మాట్లాడకుండా కూర్చోవాలి

ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి.
వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకి.
చేయి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి
మాట్లాడకూడదు.
మిషన్‌తో వచ్చిన కాగితాన్ని అమ్మకి చదివి వినిపించాను.
"ఊరికే కూర్చోవడమా?" అంది ఓజెల్లా మే ట్రిబెట్,
"అదెలాగో ముందు నువ్వు చూపించు."

జాక్సన్‌లో ఆగస్టు. కిటికీ ఏసీ
దగ్గుతోంది, ఆగుతోంది, మళ్ళీ దగ్గుతోంది.
బల్ల మీద విప్పని కరెంటు బిల్లు,
అది ఎగిరిపోకుండా పైన మాత్రల సీసా.
ఒక్కో మాత్రనీ కూరగాయల చాకుతో సగానికి కోస్తుంది,
ముప్ఫై మాత్రలు అరవై రోజులొస్తాయి.
మిగిలిన డబ్బు తమ్ముడి ఖాతాలోకి:
సబ్బు, నూడుల్స్, ఫోను నిమిషాలు.
ఈ లెక్క డాక్టరుకి తెలీదు.
మందు పనిచేయడం లేదనుకుని మోతాదు పెంచాడు.
పెంచినదాన్నీ సగానికి కోసింది.

వంశంలో ఎవరికైనా గుండెజబ్బు? షుగరు? పక్షవాతం?
క్లినిక్ ఫారం మీద గళ్ళున్నాయి, టిక్కు పెట్టాలి.
వంశంలో ఎవరైనా జైల్లో?
ఆ గడి లేదు. ఉంటే ఒక్క టిక్కు చాలదు:
మేనమామ వెర్నన్, మా నాన్న రెండుసార్లు,
ఇప్పుడు జవారిస్,
పందొమ్మిదేళ్ళలో ఇది ఏడోది.

మందుల షాపులో పుట్టినతేదీ అడిగితే
తడుముకోకుండా వాడి ఖైదీ నంబరు చెప్పింది.
ఆ పిల్ల టైపు చేసి చేసి, "మీరు దొరకడం లేదమ్మా" అంది.
కారులో కూర్చుని ఇద్దరం
కడుపు నొప్పెట్టేదాకా నవ్వాం.
తర్వాత చాలాసేపు నేను తాళం తిప్పలేదు.

శిక్ష వేసిన రోజు కోర్టులో ఏడవలేదు.
ఆ రాత్రి ఎడమ దవడ లాగుతోందంది.
పంటి డాక్టరు చూసి, పన్ను బాగానే ఉందన్నాడు.
సంతోషించాం.

నెలలో మొదటి ఆదివారం తెల్లవారుజామున మూడింటికి లేస్తుంది.
పత్తి చేల మధ్య రెండున్నర గంటల దారి.
ఓసారి బ్రాలో తీగ ఉందని గేటు దగ్గర ఆపేశారు.
వెనక సీట్లో ముడుచుకుని, కుట్టు పళ్ళతో తెంపి
తీగ లాగి పారేసి, మళ్ళీ లైన్లో నిలబడింది.
లోపల నలభై నిమిషాలూ నవ్వుతూనే ఉంది.
ఆ తీగ ఇంకా నా కారులోనే ఉంది,
బ్రేకు వేసినప్పుడల్లా సీటు కింద గీరుతుంది.

సరే. బటన్ నొక్కాను.
పట్టీ గాలి మింగి ఎడంచేతిని బిగించడం మొదలుపెట్టింది.
అప్పుడు మోగింది ఫోను.

అయిదు నొక్కితేనే మాట, లేకపోతే పోతుంది.
పోతే మళ్ళీ ఎన్నాళ్ళకో.
కుడిచేత్తో నొక్కింది.
ఎక్కడ దాచుకుందో ఆ గొంతు,
ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టు, ఒక్క ముడత లేదు:
"నాకేంరా నాన్నా, గుండ్రాయిలా ఉన్నాను."

పై అంకె నూట డెబ్బై ఎనిమిది.
కింది అంకె నూట ఆరు.

మాట్లాడింది కాబట్టి, కాగితం ప్రకారం,
ఇది లెక్కలోకి రాదు.
అయినా పుస్తకంలో రాశాను.
కారణం దగ్గర "ఫోను వచ్చింది" అని రాసి, కొట్టేసి,
"కొడుకు" అని రాశాను.

అమ్మ ఫోనుని భుజానికీ చెవికీ మధ్య ఇరికించి
వాడి భోజనం సంగతి అడుగుతూనే
పట్టీ ఊడదీసింది, చర్రుమని.
నా జబ్బకి చుట్టింది.
వద్దన్నాను. నాకింకా ముప్ఫై నాలుగే.
కనుబొమలతోనే అంది: కూర్చో.

ఫోనులో ఎవరో ఆడమనిషి రికార్డు గొంతు
ఇంకా ఒక్క నిమిషమే ఉందని చెప్పింది.
నేను పాదాలు నేలకి ఆనించాను.