లాంప్ రూం లెక్క

మందమర్రి మూడో గని లాంప్ రూంల
నాది దీపాలిచ్చే కొలువు.
ఇత్తడి బిళ్ల తీసుకొని కొక్కేనికి తగిలిస్త,
క్యాప్ లైటు చేతికిస్త.
నంబర్లు చూస్త గానీ
మొఖాలు చూసుడు తక్కువ.

నా పెనిమిటి సావుకు బదులొచ్చిన కొలువు ఇది.
మస్టర్ల రాజలింగు,
చర్చి రిజిస్టర్ల ఎలీషా,
ఈ రూంల రెండు వందల పదిహేడు.
నాలుగేండ్ల కింద కప్పు కూలిన నాడు
మూడింటినీ ఒక్కసారే కొట్టేసిండ్రు.

దిమ్మె కిర్రుమంటున్నదని చెప్పినంక కూడ
ఇంకో రెండు టబ్బులు నింపుమన్నది సదానందం సర్దార్.
అతని నంబరు నలభై ఒకటి.
అతని లైటు నేను చేతికియ్య.
కౌంటర్ మీద పెట్టి జరుపుత.
అతనూ అట్లనే జరుపుతడు.
ఇద్దరం కలిసి ఆ చెక్కను ఒక్క కాడ నున్నగ అరగదీసినం.

రాత్రిళ్లు నిద్ర రాక కొక్కేలు లెక్కపెడుత.
నలభై కాడ పండ్లు బిగుసుకుంటయి.
ఒక నంబరు ఎగిరి దాటి
నలభై రెండు, నలభై మూడు…
రెండు వందల పదిహేడుకు చేరేసరికి
ఫస్ట్ షిఫ్ట్ సైరన్ కూస్తది.

ఆదివారం ఆరాధన చివర
పాస్టర్ యోబు గారు చేతులెత్తి
సమాధానంతో వెళ్లండి అంటరు.
ఆ మాట మీదనే నాకు కోపం.
నేనడిగిన సమాధానం వేరే.
ఆ దినమే ఎందుకు? ఆ దిమ్మె కిందనే ఎందుకు?
అడిగినదానికి బదులియ్యకుండ
పొమ్మంటే ఎట్ల పోను?

ఇయ్యాల డిసెంబర్ ఇరవై నాలుగు, సెకండ్ షిఫ్ట్.
క్వార్టర్ల మీద కాయితం స్టార్లు.
టాటా ఏస్ మీద జనరేటర్ పెట్టుకొని
యూత్ పిల్లలు లైన్ లైన్‌కు పాడుకుంట తిరుగుతున్నరు.
నా బిడ్డ కెజియాది గొర్లకాపరి వేషం.
వాళ్ల నాయిన గొంగడి కప్పుకొని, దూది గడ్డం అతికించుకొని
పన్నెండింటి ఆరాధనకు రమ్మని మూడుసార్లు చెప్పిపోయింది.

పదకొండు కొట్టింది.
నల్లటి మొఖాలు, తెల్లటి పండ్లు.
అయ్యప్ప మాలలున్న ఓదెలు కూడ
"గుడ్డు లేని కేకుంటే ఉంచు అక్కా" అని నవ్విండు.
దీపమెక్కుతున్నది, బిళ్ల దిగుతున్నది.
ఆఖరికి ఒక్క కాడ దీపం లేదు,
బిళ్లనే ఉంది.
నలభై ఒకటి.

పదకొండుంబావు.
పదకొండున్నర.
నిజం చెప్పాలె. పాస్టరమ్మకు కూడ చెప్పలే ఇది.
నాలుగేండ్ల సంది నా లోపల ఎవరో
ఈ ఖాళీ కొక్కెం కోసమే ఎదురుచూస్తున్నరు.
మరి కాళ్లు ఎందుకు వణుకుతున్నయి?
పెదవులు ఏందో అంటున్నయి.
చెవి పెట్టి విన్న, నా పెదవులనే.
ప్రభువా, పైకి తీస్కరా.
వాళ్లింటి దండెం మీద
ఆ అంగీని ఊరికె వేలాడనియ్యకు.

వచ్చిండు.
పంపు ఆగిపోయిందట, నడుము దాక నీళ్లట.
అలవాటు కొద్ది లైటును చెక్క మీద పెట్టబోయిండు.
నేను చెయ్యి చాపిన.
ఎప్పుడు ఇంత ముసలోడైండో.
లైటుకు నుదుటి వెచ్చదనం ఇంకా అంటుకొనే ఉంది.
"ఫ్లాస్కుల చాయ్ ఉంది" అన్న.

క్షమించిన అని నేననలే.
క్షమించుమని అతనడగలే.
సగం తాగి, మూతను అంగీ కొసతో తుడిచిస్తే
మసి ఇంకింత అంటింది.

చర్చికి చేరేసరికి ఆఖరి దీవెన.
గడప అవతల చెప్పుల కుప్పల
నా చెప్పులు రెండే నల్లగ.
పాస్టర్ గారు చేతులెత్తిండ్రు. అదే మాట.
దిమ్మె ఎందుకు విరిగిందో ఇంకా తెల్వదు.
అయినా ఆ మాట
కేజ్ దిగినట్టు, నిదానంగ, కుదుపు లేకుండ
అడుగుదాక దిగింది.

దూది గడ్డంతోనే పండుకుంది పిల్ల.
గొంగడి ఇద్దరికీ సరిపోయింది.
అలవాటు కదా, లెక్కపెట్టిన.
ముప్పై తొమ్మిది. నలభై.
నలభై ఒకటి.
అటెన్క యాదికి లేదు.