నలభై ఏడో పేజీ

ఆరో కూర్పు మార్చిలో అన్నారు.
మార్చి మేకి జరిగింది, మే ఆగస్టుకి.
సుపీరియర్ సరస్సు మీద మంచు విరిగి
ధాన్యపు ఓడలు హారన్లు కొట్టుకుంటూ వచ్చాయిగానీ
నా పొట్లం గోదాము గడప దాటలేదు.

ముప్ఫై ఒక్కేళ్ళుగా థండర్ బే రేవులో గోధుమలు తూస్తున్నాను.
గింజ తేడా వస్తే కాటా చెప్పేస్తుంది.
కంపెనీవాళ్ళు నెలకోసారి విదిల్చే ఒక్క బొమ్మని, ఒక్క పేరాని
దేనితో తూచాలో ఎవరూ నేర్పలేదు.
కొత్త మాంత్రికుడి టోపీ రంగు చూసి
రెండు రాత్రులు నిద్రపోలేదు,
యాభై ఎనిమిదేళ్ళ మనిషిని.

అల్మారాలో 'ఇనుప దీపం' ఐదు కూర్పులూ ఉన్నాయి.
మొదటిది పుస్తకం కాదు, పెట్టె.
పిన్ను కొట్టిన మూడు పల్చటి బుక్కులు,
అంకెలు కనబడని పాచికలు.
గుంటల్లో మనమే మైనపు క్రేయాను రుద్దుకోవాలి.
నాది ఆకుపచ్చ, కిర్‌స్తిది నారింజ.
రెండోదానికి గట్టి అట్ట.
దాని మీద డ్రాగనుకి ఐదు కాళ్ళేశాడు బొమ్మలాయన,
ఐదోది తోకేనని గార్నెట్ చనిపోయేదాకా వాదించాడు.

ఎన్ని కొన్నా, నాకు కావలసింది ఒక్క పేజీ:
పైనుంచి పడితే ఏమవుతుందో చెప్పే పేజీ.

ఎనభై ఆరు, ఫిబ్రవరి. చర్చి నేలమాళిగ.
బయట మైనస్ ముప్ఫై రెండు.
కిర్‌స్తి ఆడే దొంగపిల్ల మెర్కా
మరుగుజ్జుల బావి అంచున కాలు జారింది.
ఆట నడిపేది నేను. పంతొమ్మిదేళ్ళ ధర్మప్రభువుని.
రెండో కూర్పు, నలభై ఏడో పేజీ, వేలు పెట్టి చదివాను:
పది అడుగులకో పాచిక.
బావి లోతు ఎనభై. మెర్కా ప్రాణం పదకొండు.
ఎనిమిది పాచికలూ పారాయి.
అంత బాగా నాకు ఇంకెప్పుడూ పారలేదు.
"నడుముకి తాడుంది కదా" అంది కిర్‌స్తి.
"కట్టుకున్నట్టు ముందు చెప్పలేదు" అన్నాను.
గార్నెట్ చిప్స్ నమలడం ఆపేశాడు.

మరుసటి వారం పూజారి వేషంతో వచ్చింది.
ఆ పూజారితోనే ఇరవై ఏళ్ళాడింది.
ఏ గుంట దగ్గరికొచ్చినా నావైపు చూసి
"తాడు కట్టుకున్నాను, రాసుకో" అనేది.

మూడో కూర్పులో, పడేవాళ్ళకి పట్టు దొరకొచ్చునట.
నాలుగోదాంట్లో ఓ పట్టిక:
నేల మెత్తనా, రాయా, కింద నీళ్ళా, ఎంత నీళ్ళు.
అది చదివేలోపు మనిషి పడి, లేచి, ఇంటికి పోవచ్చు.
ఐదోదాంట్లో వీరులు పడి చావరు.
ఒక్క వాక్యం, అంతే.
సంతోషించాల్సింది పోయి ఒళ్ళు మండింది.
మరి మెర్కా ఎందుకు చచ్చినట్టు?

ఆగస్టు ఇరవై రెండున వచ్చింది ఆరోది.
అట్ట మూల కాస్త నలిగింది. సిరా వాసన.
తెరవలేదు.
పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి,
కిర్‌స్తి ఇంటికి నడిపాను.

చలికాలమంతా ఊరి రోడ్ల మీద మంచు తోడే బండి నడిపే చేతులు
ఏప్రానుకి తుడుచుకుంది.
నన్నడక్కుండానే వెతికి పేజీ తీసింది.
ఇప్పుడది రెండొందల పన్నెండు.
గట్టిగా చదివింది:
"పడినవారి సంగతి బల్ల చుట్టూ ఉన్నవారు తేల్చుకోవాలి."
ఇంత డబ్బు పోస్తే ఇదా నియమం, అన్నాను.

వంటింటి సొరుగులో
బ్యాటరీల కింద, రబ్బరు బ్యాండ్ల కిందనుంచి
ఓ కాగితం లాగింది.
మెర్కా. పెన్సిలు మసకబారింది.
ప్రాణం: పదకొండు. కొట్టివేత లేదు.
"ముప్ఫై తొమ్మిదేళ్ళుగా బావి అడుగునే ఉంది, ఆర్వో.
చలేస్తోందట. తాడు వెయ్యి."

పాచిక తనే విసిరింది, పాతది.
ఉప్పు డబ్బాకి తగిలి ఆగింది.
నారింజ మైనం ఎప్పుడో రాలిపోయింది.
అంకె ఏదో కనబడక
ఇద్దరం కళ్ళజోళ్ళ కోసం తడుముకున్నాం.