రెండు కోతల నడుమ

ఎడమ పేజీల దిగిన బస్తాలు.
కుడి పేజీల పడ్డ గోల్స్.
మిర్యాలగూడ మిల్లుల గుమస్తాను, నాకు రాసుడొక్కటే తెల్సు,
ఒక్కనాడు బంతి తన్నలే.

మొదటి ఏడు: ఆడినవి ఏడు, గెల్సినవి సున్న,
ఒకటి సమానం. హాలియాల, అదీ వానొచ్చి ఆగిపోతే.
ఆఫ్‌సైడ్ అంటే ఏందో అప్పటికి మాలో ఎవ్వరికీ తెల్వదు.
రెఫరీ ఈల ఊదినప్పుడల్లా
ధీరావత్ బోడ్యా చేతులు జోడించి నిలవడేటోడు.

మా మైదానం వడ్లారబోసే సిమెంటు కళ్లం.
పడితే మోకాలి తోలు అక్కడ్నే ఉండేది.
అందుకే ఎవ్వరూ మా ఊరికి రామన్నరు.
నల్లగొండ పోయే లారీల, బియ్యం బస్తాల మీద
పదకొండు మంది, నేను, చిట్టా.
ఓడి ఖాళీ లారీల తిరిగొచ్చేటోళ్లం.
ఖాళీ లారీ ఎక్కువ ఎగిరేస్తది.

మూడో ఏడు అంగీలు కుట్టిచ్చినం.
నంబర్లెయ్యనీకి సంచులకు ముద్ర గొట్టే రేకే దొరికింది.
గోల్ కాడ నిలవడే మట్టయ్య వీపు మీద
ఒకటి అంకె కింద
'నికర తూకం 75 కిలోలు' అని అచ్చువడ్డది.
వాడుండేది యాభై.
సూర్యాపేటోళ్లు కడుపువట్టుకొని నవ్విండ్రు.
ఆ దినం వాని మీద ఒక్క గోలూ వెయ్యలేకపోయిండ్రు.
మేమూ వెయ్యలే. సున్న, సున్న.
ఎర్ర సిరాతోటి రాసిన.

వడ్లొస్తే ఆట బంద్.
కళ్లమంత పసుప్పచ్చగ పర్సుకుంటది.
సీజనంటే మాకు రెండు కోతల నడుమ ఆ నెల పదిదినాలు.
మిగతా జిల్లా నవంబర్ల ఆడుతుంటే
మా జట్టు బస్తాల కింద వంగి ఉండేది.
'హాజరు కాలేదు' అని ఒక ఏడు
ఐదు ఆటలు ఆడకుండనే ఓడినం.

తర్వాత, కాలువ రాని ఏడు.
సాగర్ ఎడమ కాలువల పిల్లలు క్రికెట్ ఆడిండ్రు.
చిట్టా ఎడమ పేజీ తెల్లగ.
మిల్లు బెల్టు మీద ఎలుక నడిస్తే వినవడేది.
పనిలేనోళ్లు కొక్కేలు గోల్ కర్రకు తగిలిచ్చి
పొద్దటి నుంచి పొద్దుగూకేదాక తన్నుకున్నరు.
ఆకలైతున్నదని ఎవడూ అనకపోయేది,
'ఇంకో ఆట' అనేటోళ్లు.
ఆ ఏడు: ఆడినవి పద్నాలుగు, గెల్సినవి పదకొండు.
పోలీసు జట్టును వాళ్ల గడ్డ మీదనే కొట్టినం, రెండు, ఒకటి.
రెండోది జానిమియా తలతోటి, కండ్లు మూసుకొని.
గెల్సిన పైసలతోటి జొన్నలు కొన్నరు
బియ్యం మిల్లు హమాలీలు.

మీ మంచి ఏడేదని ఎవరన్న అడిగితే
ఆ పేజీనే తెరుస్త.
ఎడమ దిక్కు చెయ్యి అడ్డం పెడ్త.

నీళ్లొచ్చినయి. జట్టు కిందికొచ్చింది.
మట్టయ్య నడుము బస్తా కింద పట్టేసింది, మళ్ల లేవలే.
తర్వాతి రెండేండ్లు చెదలు తిన్నయి.
అడిగితే తలొక తీరు చెప్తరు,
యేసుపాదమైతే కోదాడ మీద ఆరు గోల్సంటడు.
నేను రాయను. చూసినట్టు యాదికి లేదు.
ఎలివేటర్లొచ్చినంక తొమ్మిది మందే మిగిలిండ్రు,
తొమ్మిది మందే ఆడిండ్రు, ఆ లెక్క చెప్పొద్దు.

ఇప్పుడు బీహారు పిల్లలు.
బిర్జు మాంఝీ పేరు మూడుసార్లు రాసి కొట్టేసిన,
గోల్స్ మాత్రం సరిగనే ఎక్కిచ్చిన, పన్నెండు.
బంతి కావాల్నంటే 'ఇధర్' అంటడు.
జానిమియా కొడుక్కు ఆ మాట సమజైతది,
మిగిలినోళ్లకు వాని చెయ్యి సమజైతది.

బస్తాల లెక్క కంప్యూటర్లకు పోయింది.
ఎడమ పేజీ మళ్ల తెల్లగనే,
ఈసారి కరువు కాదు.
అయినా నా చెయ్యి దానంతటదే పోయి అడ్డంబడ్తది.

మొన్నటిది: హాలియా నాలుగు, మనం ఒకటి.
గోల్ ఎన్క ప్లాస్టిక్ కుర్చీల మట్టయ్య, అదే అంగీ.
అంకె మాసిపోయింది, తూకం మిగిలింది.
'ఎడమకు, ఎడమకు' అని అరుస్తనే ఉన్నడు,
ఆటయిపోయి కీపరు పిల్లగాడు
చెప్పులేసుకున్నంక గూడ.