రోజుకో వాక్యం

నాలుగో అంతస్తులో పాత పరుపులు పడేసే గదిని
ఖాళీ చేసి, గోడలు మూడుసార్లు గీకించి
రెండు మంచాలు వేశాం.
అమలాపురంలో ఈ వైద్యమేంటని నవ్విన వాళ్లలో
నేనూ ఉన్నాను. చెప్పుకోడానికి ఇప్పుడు సిగ్గేం లేదు.
డాక్టర్ రెహానా మాత్రం ఫైలు చంకన పెట్టుకుని
రెండేళ్లు ఆఫీసుల మెట్లెక్కి దిగింది.
లిఫ్టులో మంచం పట్టదని తేలిన రోజు
కాసేపు మెట్ల మీదే కూర్చుని, లేచి
తాపీమేస్త్రీకి ఫోన్ చేసింది.

ద్రవ నత్రజని అంటే మాకు హడల్.
వేళ్లు కొయ్యబారి ఊడిపోతాయని ఎవరో అన్నారు.
పశువులాసుపత్రిలో రిటైరైన పెచ్చెట్టి వీర్రాఘవులు గారొచ్చారు,
ముప్పై ఏళ్లు సైకిలు వెనక ఆ డబ్బానే కట్టుకుని
ఎదకొచ్చిన గేదెల కోసం ఊరూరా తిరిగిన మనిషి.
"పొగ చూసి బెదరకండమ్మా.
మూత బిగించకండి, అంతే."
మా మొదటి పాఠం అదీ.

లొల్ల లాకుల దగ్గర లష్కరు, నేలపూడి దానియేలు
అందరికంటే ముందొచ్చాడు,
నాలుగు రకాల మందులు ఓడిపోయిన ఒళ్లు.
రక్తంలోంచి కణాలు తీసి ముంబై పంపుతున్నప్పుడు
"నావే తీసి నాకే ఇస్తారా? దానికిన్ని లక్షలా?" అన్నాడు.
విడమరచి చెప్పబోయాను.
"తెలిసింది లెండి.
ఆకు తీసి ఊడుస్తారు, అంతేగా."

రెండో మంచం రాజోలు పిల్ల మహిమకి.
దాని కణాలు అక్కడ పెరగలేదు.
ఒక్క లైను ఈమెయిలు.
దుప్పటి మడతపెట్టింది నేనే.
ఇంకేమీ రాయను.

ఎక్కించడానికి పట్టింది పద్దెనిమిది నిమిషాలు.
గదంతా ఉడికిన మొక్కజొన్న పొత్తుల వాసన.
"ఇంతేనా?" అన్నాడు, టిక్కెట్టు డబ్బులు దండగైనట్టు.

జ్వరం చూడమన్నారు, బీపీ చూడమన్నారు,
రోజూ ఒక వాక్యం రాయించమన్నారు.
మెదడు తడబడితే ముందు పట్టిచ్చేది చేతిరాతేనట.
ఆయన ఎంచుకున్నది:
"కాలవ కట్టేసే లోపు ఇంటికెళ్లాలి."
రెండ్రోజులు అక్షరాలు గట్టు మీద నడిచినట్టు నడిచాయి.
నాలుగోరోజు జ్వరం నూట మూడు.
ఐదోరోజు రాత్రి
"కాలవ కాలవ కాల"
అక్కణ్ణించి గీత కాయితం దాటి దుప్పటి మీదికి పోయింది.

దీన్ని పుస్తకాల్లోనూ తుఫానే అంటారు.
తుఫాను మాకు కొత్తా?
కాకపోతే ఇది మేం కబురంపి పిలిపించుకున్నది.
రెహానా నోటెంట మాట వచ్చేలోపే
ఫ్రిజ్‌లోంచి మందు తీశాను.
కరెంటు పోయింది.
పదకొండు సెకన్లు.
జనరేటరు అందుకునేదాకా
ఆయన నాడి నా వేలి కింద.

తొమ్మిదోరోజు పెన్ను తనే అడిగాడు.
అక్షరాలు గాలికి పడ్డ వరిలా ఒకపక్కకి ఒరిగాయి గానీ
వరస తప్పలేదు.
"కాలవ కట్టేశారా?"

కట్టేసి నాలుగు రోజులైంది.
స్కానింగుకి ఇంకా మూడు వారాలుంది.
రెండో మంచానికి రేపు తణుకు నించి ఎవరో వస్తున్నారు.
చార్టు పట్టుకుని అలాగే నిలబడ్డాను.
కిటికీ కింద ఎండిన కాలవలో పిల్లలు
మోకాళ్లదాకా బురదలో
మట్టగిడసల కోసం కొట్టుకుంటున్నారు.
"లేచి చూస్తారా?" అని
మంచం తలవైపు ఎత్తాను.