ఆరో తరగతి హాజరు

కట్వేలో ఉప్పు సరస్సుంది.
కర్రలూ బురదా అడ్డంపెట్టి
మళ్ళుగా పంచుకుంటారు దాన్ని.
మా బడికి తాళం పడ్డ రెండేళ్ళూ
నా ఆరో తరగతి అక్కడే నడిచింది,
నేను లేకుండా.

మొదట్లో రేడియోలో పాఠాలన్నారు.
బాలుకు ఇంట్లో రేడియో ఉంది, బ్యాటరీలు లేవు.
కబుఘో ఇంట్లో బ్యాటరీలున్నాయి, టార్చిలైటులోవి,
రాత్రిపూట దారిలో నీటిగుర్రం ఉందో లేదో చూసుకోడానికి.
అవి ఇమ్మని ఎవరడుగుతారు?

పిల్లల్లేని బడిలో పంతులమ్మకి జీతమెక్కడిది?
రోడ్డు పక్కన చపాతీలు కాల్చాను.
పిండి అంటిన వేళ్ళని
స్కర్టుకేసి రెండుసార్లు దులుపుకునేదాన్ని,
సుద్దపొడి అనుకుని.

ఒకరోజు బీరా వచ్చింది, రెండు చపాతీలకి.
అసలే ఆలస్యంగా బళ్ళో చేరిన పిల్ల,
వెనకబెంచీలో అందరికంటే పొడుగు.
మోకాళ్ళదాకా తెల్లగా పగిలిన కాళ్ళు.
"ఎక్కడ గీరుకుందో మనకి తెలీదు టీచర్,
ఉప్పునీళ్ళకి తెలుస్తుంది" అంది.
"పదమూడో ఎక్కం గుర్తుందా?" అన్నాను.
చిల్లర లెక్కపెట్టి చేతిలో పోసింది.
ఎక్కం చెప్పలేదు.

టీకా వస్తే బడి, అన్నారు తర్వాత.
టీచర్లకి ముందు, అన్నారు.
నా పెనం చుట్టూ నిలబడ్డవాళ్ళు ఇంకా చాలా అన్నారు:
గర్భసంచి ఎండిపోతుందట,
వేసుకున్నవాళ్ళు రెండేళ్ళలో పోతారట.
ఈ రెండేళ్ళూ ఏం బతికామో
ఒక్కరూ అనలేదు.

నర్సు ఎంబాంబు మోటారుసైకిలు మీద వచ్చింది,
వెనక తాళ్ళతో కట్టిన నీలం పెట్టె.
దూరంగా రువెంజోరి నెత్తిన కనపడేది తప్ప
వేరే మంచు ఎరగని ఊరు మాది.
పిల్లలు మూత చుట్టూ మూగారు.
"జరగండి, చలి పారిపోతుంది" అని కసిరింది.

నాకు భయమేసింది.
ఇన్నేళ్ళు పిల్లలకి ధైర్యం చెప్పిన నోరు
పిడచకట్టుకుపోయింది.
కళ్ళు మూసుకుని కుడి చెయ్యి చాపాను.
"రాసే చెయ్యి వద్దు టీచర్,
రేపు నొప్పెడుతుంది" అంది నర్సు.

రేపు.
నా రాసే చేతికి రేపు పనుందని
ఎన్నాళ్ళకి ఒక మనిషి నోట విన్నాను!
సూది ఎప్పుడు దిగిందో తెలీలేదు.
కన్నీళ్ళు చూసి, అంత నొప్పా, అని నవ్విందామె.

జనవరిలో తాళం తీశారు.
తుప్పుకి కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టి.
హాజరుపట్టీలో అరవైఒక్క పేర్లు.
బాలుకు "ఉన్నాను" అంటే తలెత్తి చూశాను,
గొంతు మారిపోయింది.
మసిక? పెళ్ళయిపోయింది, అన్నారెవరో.
థెంబో? పడవల మీద, కాంగో వైపు.
కబుఘో? ఎవరూ మాట్లాడలేదు.
ముప్ఫైనాలుగు దగ్గర ఆగింది నా పెన్ను.

నీలం పెట్టెలో దీనికి మందు లేదు.
అది తాళందాకా తీసుకొచ్చింది,
అక్కణ్ణించి నడవాల్సింది మేమే.
సాయంత్రాలు ఉప్పు మళ్ళ గట్లమీద తిరిగాను,
పేర్లు పిలుస్తూ, చెప్పులు తెగేదాకా.

మూడోవారం గుమ్మంలో నీడ పడింది.
బీరా. వీపున గుడ్డలో బిడ్డ.
లోపలికి రావచ్చా అని అడగలేదు.
హెడ్మాస్టరు గొంతు సవరించుకుంటుంటే
నేను బల్ల చప్పుడయ్యేలా జరిపాను.

నోటుపుస్తకం లేదు తన దగ్గర.
బిడ్డ టీకాల కార్డు తిరగేసి
వెనకవైపు రాయడం మొదలుపెట్టింది.
వంగి చూశాను.
పదమూడేడులు తొంభైఒకటి.
పదమూడెనిమిదులు దగ్గర కొట్టివేత, మళ్ళీ నూటనాలుగు.

కార్డు ముందువైపు
తొమ్మిదో నెల తట్టు టీకా గడి ఖాళీగా ఉంది.
"గురువారం నర్సు వస్తుంది,
లెక్కల పీరియడ్‌లో వెళ్ళిరా" అన్నాను.

"లెక్కల్లో కాదు టీచర్" అంది బీరా, తలెత్తకుండానే.
"ఆటల పీరియడ్‌లో వెళ్తాను."