తూకం గది

మెరీడాలో మే నెల. పొద్దున ఏడింటికే గోడలకు చెమట.
పిల్లల కేన్సర్ వార్డులో చిట్టచివరి గది నాది.
తూకం యంత్రం, ఎత్తు కొలిచే కర్ర,
ఎవరో అంటించి వదిలేసిన తోకలేని డైనోసార్.

విల్బర్త్ చెప్పులు విప్పి ఎక్కాడు.
తొమ్మిదేళ్లు. యాభై ఎనిమిది కిలోలు.
వాడు అంకె చూడడు. నా మొహం చూస్తాడు.
"ఎక్కువా?"
"యంత్రం పాతదిరా."
అబద్ధం. పోయిన నెలే కొత్తది తెచ్చారు.

వెనకాల వాళ్ల అమ్మమ్మ దోన్యా ఫిదెలియ,
శాలువా కింద గుడ్డమూట.
లోపల మొక్కజొన్న రొట్టెలు. గదంతా పందికొవ్వు కమ్మదనం.
చూడనట్టే ఉన్నాను.
కిత్తనార తోటల్లో ఆవిడ చిన్నతనంలో
తమ్ముడొకడు ఎముకల గూడై పోయాడు.
ఆ జబ్బుకి ఎవరూ పేరు పెట్టలేదు.
అప్పట్నించీ ఆవిడ లెక్క ఒకటే:
బుగ్గ పట్టుకుంటే చేతినిండా రావాలి.
వీడు పడుకుంటే ఊయల సాగి సాగి
నేలకి ఇంత ఎత్తున ఆగేదట.
గర్వంగా జాన చాపి చూపించి,
ఏదో గుర్తొచ్చినట్టు
చెయ్యి వెనక్కి తీసుకుంది.

నేను రాసిన అంకె మీదే మందు కడతారు.
మందుల గదిలో లిహియ రెండుసార్లు లెక్కేస్తుంది, మూడోసారి కళ్లద్దాలు తీస్తుంది.
పూర్తిగా పోస్తే కాలేయం ఒప్పుకోదు.
తగ్గిస్తే జబ్బు ఊరుకోదు.
కొవ్వు చాటున ఆ కణాలు దాక్కుంటాయని
ప్రయోగశాలలో ఎవరో చూశారట.
ఆ మాట విన్నాక వాడి బొజ్జను
మునుపటిలా ముద్దుగా చూడలేకపోతున్నాను. అందుకు సిగ్గుగా ఉంది.

రాత్రి మూడింటికి వాడు లేస్తాడు.
ఆ ఆకలి వాడిది కాదు, మాత్రది.
వేయించిన రొట్టె, నల్ల చిక్కుళ్లు, ఎర్రగా ఊరిన ఉల్లిపాయలు,
కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ పేరు పెట్టి పిలుస్తాడు.
నిమ్మకాయ పిండి దోసకాయ ముక్కలిచ్చాను.
నమిలి, ఆలోచించి అన్నాడు:
"చప్పుడు బాగుంది గానీ, ఇది తిండి కాదు."

ఆదివారం వాళ్లమ్మ మిర్నా వచ్చింది,
హోటల్లో దుప్పట్లుతికే చేతులు, ఇంకా సబ్బు వాసన.
"పాలసీసాలో కోలా పోశాను," అంది, నేను అడక్కుండానే.
"మా పేటలో కుళాయి నీళ్లు తాగలేం.
దుకాణంలో రెండు సీసాలూ ఒకటే ధర.
నా వల్లేనా?"

నేను చదివినవి నాకు తెలుసు:
బరువైన పిల్లల్లో మొదటి నెల చివర
జబ్బు మిగిలిపోవడం ఎక్కువని, తిరగబెట్టడం ఎక్కువని.
వందమంది సంగతి చెప్పే కాగితం
ఒక్కడి దగ్గరికొచ్చేసరికి నోరు విప్పదు.
నేనూ విప్పలేదు. ఫ్యాను వేగం పెంచాను.

ఇరవై తొమ్మిదో రోజు మూలుగ పరీక్ష.
పదివేలలో ఒకటి కంటే తక్కువ ఉండాలి.
వీడికి వెయ్యిలో మూడు.
పక్క మంచం సెలెనె, గాలికి వణికే పుల్లలాంటి పిల్ల,
ఆమెకీ మిగిలింది.
ఆ పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు.

సాయంత్రం గది తాళం వేస్తుంటే దోన్యా ఫిదెలియ వచ్చింది.
మాట్లాడకుండా మూట తీసి
తూకం మీద పెట్టింది.
అరకిలో కూడా లేదు.
"ఇంతేనా?" అంది.
మళ్లీ ఎత్తి, మళ్లీ పెట్టి చూసింది.
"ఇంతేనా?"

రెండు రొట్టెలు వాడికని తీసి ఉంచింది.
నేను వద్దనలేదు.
మిగతావి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని
అన్నీ నేనే తిన్నాను.
ఇంకా వెచ్చగా ఉన్నాయి.