కూలర్ ఆపేశాక

ఫోను మోగగానే ముందు కూలర్ ఆపాలి.
దాని రొద అవతలివాళ్ళకి వానలా వినిపిస్తుందట.
ఓసారి ఒక ముసలాయన అడిగాడు,
"అమ్మాయ్, మీకక్కడ వాన పడుతోందా?"
లాస్ క్రూసెస్‌లో, జూన్‌లో, వాన!
లేదు తాతా, అన్నాను. ఆయన ఉసూరుమన్నాడు.
తన కణితి సంగతి ఆ తర్వాతే ఎత్తాడు.

నా ఆఫీసు ఒకప్పటి బట్టల గది.
తలుపు ఊడదీసి బల్ల ఇరికించాం,
రామీరో ఉన్నికోట్లు మాత్రం అలాగే వేలాడుతున్నాయి.
గొంతులోని కరుకుని అవి పీల్చుకుంటాయి.
ఇంగ్లీషు ఒక చెవిలో, స్పానిషు ఒక చెవిలో అనుకుంటారు జనం.
రెండూ ఒకే చెవిలో దూరి
ఒకే గొంతులో తోసుకుంటాయి,
ఇరుకు వంటింట్లో తోడికోడళ్ళలా.

"నేను డాక్టరును కాను, సమాచారం మాత్రమే ఇవ్వగలను."
రోజుకి ఇరవైసార్లు చెప్పే వాక్యం.
ఇంగ్లీషులో అది గుమ్మం ముందు కాలిపట్టా,
స్పానిషులో ఎందుకో తలుపు మూసిన చప్పుడు.
అందుకని ముందు "ఏమైనా తిన్నారా?" అంటాను.
ఒక నిమిషం పోతుంది.
సూపర్‌వైజర్‌కి తెలుసు. ఏమీ అనదు.

మాసా అనే మాటతోనే నా పేచీ.
మాసా అంటే మొక్కజొన్న పిండిముద్ద,
తెల్లారగట్ల అమ్మమ్మ అరచేతుల మధ్య
చప్పట్లు కొట్టించుకుంటూ పలచబడేది.
మాసా అంటే స్కాన్ రిపోర్టులో
మూడున్నర సెంటీమీటర్లు.
యాకిమా ఆపిల్ తోటల్లో పనిచేసే ఒకావిడ అడిగింది,
"నా రొమ్ములోకి పిండి ఎలా వచ్చింది తల్లీ?"
నవ్వుతూ అడిగింది. తెలిసే అడిగింది.
నేనూ నవ్వాను.
తర్వాత మ్యూట్ నొక్కాను.

ఈ మధ్యాహ్నం మాత్రం ఒక పిల్లాడు.
పేరు ఎఫ్రాయిన్. పదేళ్ళు, "దాదాపు పదకొండు."
అమ్మ పక్కనే ఉందట, ఊపిరి వినిపిస్తూనే ఉంది.
రిపోర్టు వాడే చదివాడు ఇంగ్లీషులో,
బడిలో పద్యం ఒప్పజెప్పినట్టు తడుముకోకుండా:
లింఫ్ నోడ్‌లు, పద్నాలుగులో మూడు, పాజిటివ్.
"పాజిటివ్ అంటే మంచిదే కదా మేడమ్?
అమ్మకి అలాగే చెప్పాను. కేకు కూడా తెచ్చుకున్నాం."

వెన్ను మీదుగా చెమట బొట్టు దిగింది.
తొమ్మిదేళ్ళప్పుడు నేనూ క్లినిక్‌లో
డాక్టరు మాట అమ్మమ్మకి మోసుకొచ్చాను.
దారిలో మార్చేశాను.
వీడిది పొరపాటు, నాది అబద్ధం.
వీడే నయం.

"ఫోను అమ్మకివ్వు నాన్నా."
"నాకు రెండూ వచ్చు. నాకే చెప్పండి, నేను చెప్తా."
"వచ్చని తెలుసు. అయినా ఇవ్వు.
నువ్వెళ్ళి కాగితం, పెన్సిలు వెతుకు.
డాక్టర్ని అడగాల్సినవి రాయాలి.
ఆ పని నీ ఒక్కడిదే."

పరిగెత్తిన అడుగులు.
ఎక్కడో సొరుగు లాగిన చప్పుడు.
ఆ కాస్త సందులో మారిసెలా గొంతు తగ్గించింది:
"డాక్టరు మొహం చూసినప్పుడే నాకు అర్థమైంది.
కేకు వాడి కోసం కొన్నాను."

నా దగ్గర పేజీలకు పేజీల సమాధానాలున్నాయి.
దీనికి లేదు.

వాడు పెన్సిలుతో వచ్చాడు. స్పీకర్ పెట్టారు.
మొదటి ప్రశ్న వాళ్ళమ్మ చెప్పింది, రెండోది నేను.
మూడోది వాడే రాసుకున్నాడు,
ఏమిటని అడిగితే చదవలేదు.

"మీదే ఊరు?" అన్నాడు చివర్లో.
చెప్పకూడదు, నిబంధన.
పడగ్గది కిటికీని దుమ్ముగాలి టకటకలాడిస్తోంది.
"ఇక్కడ గాలి వీస్తోంది," అన్నాను.
"ఇక్కడా అంతే."

అది ఏ భాషలో అన్నాడో
ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.
ఫారంలో ఆ గడి తప్పకుండా నింపాలి.
కూలర్ వేసి కూర్చున్నాను.